ఒక్క ఏడాదే కదా!

1999 జూన్ నెల. మా పెద్దమ్మ కొడుకు, మేమందరం అన్నయ్య అని పిలిచేవాడు, మిలటరీలో సిగ్నల్స్ విభాగంలో పని చేసేవాడు. రెండు నెలల సెలవు మీద ఊరొచ్చి పది రోజులు కూడా కాలేదు. ఒక మధ్యాహ్నం పోస్టు మనిషి టెలిగ్రాం తెచ్చి ఇచ్చాడు. సెలవు రద్దు, వెంటనే వచ్చి చేరమని. కార్గిల్ లో యుద్ధం జరుగుతోందని రోజూ రేడియోలో వింటూనే ఉన్నాం. కానీ అది మా పెద్దమ్మ వాళ్ళ వీధి అరుగు దాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు. మూడో రోజు రైలు.

ఆ మూడు రోజులూ అన్నయ్య ఏం చేశాడో నాకు బాగా గుర్తు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ఎప్పటినుంచో సరిగ్గా పడని పెరటి తలుపు గడియ బాగు చేశాడు. బావి గిలకకి నూనె పెట్టాడు. బ్యాంకుకి వెళ్ళి ఖాతాలో వదిన పేరు కూడా చేర్పించాడు. మూడో రోజు పొద్దున్నే బీరువాలోంచి ఎల్.ఐ.సి. కాగితాలూ, ఇంటి కాగితాలూ తీసి, వదినని పిలిచి, ఏది ఏమిటో చెప్పబోయాడు. వదిన చూడలేదు. "బయలుదేరే వేళ ఆ కాగితాలేమిటండీ, అశుభం, లోపల పెట్టండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెద్దమ్మ సున్నుండలు చుడుతూ కూర్చుంది. ఎన్ని చుట్టిందో లెక్కే లేదు. ఆ నేతి వాసన ఇప్పటికీ నాకు ప్రయాణం వాసనలాగే అనిపిస్తుంది.

అన్నయ్య క్షేమంగా తిరిగొచ్చాడు. అందుకే ఈ కథ ఇలా తీరిగ్గా చెప్పగలుగుతున్నాను. పోయిన వేసవిలో మా చెల్లి వాళ్ళింటికి అమెరికా వెళ్ళినప్పుడు, ఒక ఊళ్ళో నిలబడి ఉండగా ఆ మూడు రోజులూ మళ్ళీ కళ్ళముందుకొచ్చాయి. ఆ ఊరి కథే ఈరోజు చెబుదామని.

ఊరి పేరు బెడ్‌ఫర్డ్. వర్జీనియా రాష్ట్రంలో, నీలం రంగు కొండల కింద ఉంటుంది. మా మరిదిగారు "ఒక మంచి చోటు చూపిస్తా పదండి వదినా" అని కారులో తీసుకెళ్ళారు. గుట్ట మీద పెద్ద రాతి తోరణం. దాని ఎత్తు 44 అడుగుల 6 అంగుళాలట. ఎందుకంత లెక్కగా కట్టారంటే, 1944లో 6వ నెల, 6వ తేదీ గుర్తుకి. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యాలు ఫ్రాన్సు తీరాన నార్మండీలో దిగిన రోజు అది. డీ-డే అంటారు. దేశానికంతటికీ కట్టిన ఆ స్మారకం వాషింగ్టన్ లో లేదు, న్యూయార్క్ లో లేదు, ఈ చిన్న ఊళ్ళో ఉంది. 2001 జూన్ 6న అప్పటి అధ్యక్షుడు బుష్ వచ్చి ప్రారంభించాడు. ఇక్కడే ఎందుకు కట్టారని అడిగితే, మా మరిదిగారు ఒక్క మాటలో చెప్పారు. అప్పటికి ఈ ఊరి జనాభా 3,200 మంది. ఆ ఒక్కరోజే ఈ ఊరి పిల్లలు 20 మంది పోయారు.

ఇంటికొచ్చాక నేను దాని గురించే చదువుతూ కూర్చున్నాను. యుద్ధం గురించి కాదు. తుపాకులూ పటాలూ నాకు అర్థం కావు. ఆ పిల్లలు ఇంట్లోంచి ఎలా బయలుదేరారు, వెళ్ళే ముందు రోజులు ఎలా గడిచాయి, వాళ్ళ అమ్మలూ భార్యలూ ఏం చేశారు, అదే నాకు కావలసింది.

ముందు ఒక సంగతి చెప్పాలి. వాళ్ళు పూర్తికాలం సైనికులు కారు. ఉద్యోగాలు చేసుకుంటూ, పొలాలు చూసుకుంటూ, అవసరం వస్తే యూనిఫాం వేసుకునే వాళ్ళు. రిజర్వు సైనికులు అనుకోండి. మన దగ్గరా అలాంటి సైన్యం ఉంది. టెరిటోరియల్ ఆర్మీ అంటారు, 1949లో పెట్టారు. ధోనీకి గౌరవ హోదా ఇచ్చింది అందులోనే. 2019లో క్రికెట్ మానేసి రెండు వారాలు కాశ్మీర్ లో కాపలా కాశాడని పేపర్లో ఫొటోలు చూశాం కదా. అమెరికాలో అలాంటిదాన్ని నేషనల్ గార్డ్ అంటారు. బెడ్‌ఫర్డ్ లో ఉన్నది దాని 29వ డివిజన్ లో, 116వ రెజిమెంట్ లో, 'ఎ' కంపెనీ.

పిల్లలు అందులో ఎందుకు చేరారయ్యా అంటే, దేశభక్తి ఉంది, యూనిఫాం వేసుకుంటే ఆడపిల్లలు చూస్తారన్న సరదా ఉంది, ఒకే వీధిలో పెరిగిన స్నేహితులందరూ ఒకే చోట ఉంటారన్న సంతోషం ఉంది. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఒక డాలరు. డ్రిల్లుకి వెళ్ళిన ప్రతిసారీ ఒక డాలరు ఇచ్చేవారు. చట్టం ప్రకారం ఏడాదికి 48 డ్రిల్లులు, వేసవిలో 15 రోజుల క్యాంపు. ఆ రోజుల్లో అమెరికా అంతా కరువులో ఉంది. 1938లో మొదటిసారి కనీస కూలి చట్టం వచ్చినప్పుడు గంటకి 25 సెంట్లని పెట్టారు. అంటే ఒక డాలరు నాలుగు గంటల కూలి. ఊళ్ళో ఉన్ని మిల్లులో నిలబడి పనిచేసే పిల్లాడికి, పాడిపశువుల మధ్య తెల్లారే రైతు కొడుకుకి, ఒక్క సాయంత్రం కవాతుకి నాలుగు గంటల కూలి వస్తుందంటే ఏ తల్లి వద్దంటుంది చెప్పండి? అన్నదమ్ములు అన్నదమ్ములే చేరారు. బెడ్‌ఫర్డ్ హోబాక్, రేమండ్ హోబాక్ అని ఇద్దరు. పెద్దవాడికి ఊరి పేరే పెట్టారు. రే స్టీవెన్స్, రాయ్ స్టీవెన్స్ అని కవలలు. ఇద్దరూ కలిసి పొలం కొనుక్కున్నవాళ్ళు.

ఇక 1940కి వద్దాం. ఐరోపాలో హిట్లర్ ఫ్రాన్సుని తీసేసుకున్నాడు. అమెరికా ఇంకా యుద్ధంలో లేదు. కానీ సిద్ధంగా ఉండాలి కదా అని ఆ ఆగస్టులో ఒక తీర్మానం చేసి, నేషనల్ గార్డ్ వాళ్ళని పూర్తికాలం సైన్యంలోకి పిలిచే అధికారం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కి ఇచ్చారు. ఎంత కాలానికి? పన్నెండు నెలలకి. పైగా అమెరికా ఖండాలూ, తమ ఏలుబడిలో ఉన్న చోట్లూ దాటి పంపకూడదని నియమం కూడా పెట్టారు. ఒక్క ఏడాది. అదీ సముద్రం దాటకుండా. మన ఆడవాళ్ళం ఇలాంటి మాటని ఎలా పట్టుకుంటామో తెలుసు కదా. "ఏడాదెంతలో తిరిగొస్తుంది, ఈ దీపావళికి వెళితే మళ్ళీ దీపావళికి ఇంట్లో ఉంటాడు" అనుకుంటాం. వాళ్ళూ అలాగే అనుకుని ఉంటారు.

ఆ చట్టంలో ఇంకో సంగతి నన్ను ఆపేసింది. ఇంట్లో తన సంపాదన మీదే ఆధారపడ్డ వాళ్ళుంటే, గార్డ్ సిపాయి విడుదల అడిగి బయటికి రావచ్చు. అంటే దారి మూసెయ్యలేదు. పెళ్ళయినవాళ్ళకి ఆ కొద్దిరోజుల్లో ఇంట్లో జరిగిన మాటలు ఎలా ఉండి ఉంటాయో ఆలోచించండి. అడగమని భార్య అనగలదా? అడిగితే, వీధిలో మిగతా పిల్లలందరూ వెళుతుంటే తన భర్త ఒక్కడే ఇంట్లో ఉన్నాడన్న మాట పడాలి. అడగవద్దని అనగలదా? అంటే, రేపు ఏమైనా అయితే ఆ మాట జీవితాంతం తన గొంతులోనే ఉంటుంది. మా వదిన వంటింట్లోకి వెళ్ళిపోయిందే, ఆ వంటింట్లోకే ఈ మాటలు కూడా వెళ్ళిపోయి ఉంటాయి.

1941 ఫిబ్రవరి 3న పిలుపు అమల్లోకి వచ్చింది. ఆ రోజునుంచీ వాళ్ళు అమెరికా సైన్యం సిపాయిలు. కానీ వెంటనే రైలెక్కలేదు. అలాంటి దళాల్ని ముందు కొన్నిరోజులు సొంత ఊళ్ళోనే ఉంచేవారు. డాక్టర్లు పరీక్షించాలి. పళ్ళు, కళ్ళు, గుండె చూడాలి. పనికిరాని వాళ్ళని వెనక్కి పంపాలి. సామాను లెక్కపెట్టాలి. సూదులు పొడవాలి. టైఫాయిడ్ టీకా ఒకటి కాదు, వారానికొకటి చొప్పున మూడు. చెయ్యి వాచి, ఒళ్ళు వెచ్చబడి ఇంటికొచ్చే కొడుకుకి కాపడం పెట్టడం ఏ దేశంలో అయినా అమ్మ పనే. ఇచ్చిన సామాను కూడా పాతదే. అప్పటి అమెరికా సైనికుడి నెత్తిమీద ఉన్నది మొదటి ప్రపంచ యుద్ధం నాటి నమూనా ఇనప టోపీ, పళ్ళెం బోర్లించినట్టుండేది.

ఈ రోజులే నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించాయి. సిపాయి అయ్యాడు, కానీ ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. నిన్నటిదాకా మిల్లుకి వెళ్ళిన వీధిలోనే ఇవాళ యూనిఫాంలో నడుస్తున్నాడు. వెళ్ళినట్టూ కాదు, ఉన్నట్టూ కాదు. మనింట్లో పెళ్ళయిన ఆడపిల్ల అప్పగింతలకి ముందు గంట ఎలా ఉంటుందో, అలాంటి గంట రోజుల తరబడి సాగితే ఎలా ఉంటుంది? కన్నీళ్ళు పెట్టుకుంటే తొందరపడ్డట్టు. నవ్వితే మనసు లేనట్టు. అందుకే మనుషులు ఆ రోజుల్లో పనులు పెట్టుకుంటారు. అన్నయ్య గడియ బాగు చేసినట్టు.

నిజానికి చెయ్యాల్సిన పనులు చాలానే ఉండేవి. ఇల్లు నడిపేదాన్ని కాబట్టి ఆ లెక్కలు నాకు బాగా ఎక్కాయి. 1941 నాటికి కనీస కూలి గంటకి 30 సెంట్లు అయింది, వారానికి 40 గంటలు. అంటే మిల్లులో అందరికంటే కింద ఉన్న పనివాడికి కూడా వారానికి 12 డాలర్లు, నెలకి 50 డాలర్ల దాకా వస్తాయి. సైన్యంలో మామూలు సిపాయికి మొదటి నాలుగు నెలలూ నెలకి 21 డాలర్లు. ఆ తర్వాత 30. తిండీ బట్టా వాళ్ళే పెడతారు, నిజమే. కానీ ఆ తిండి సిపాయికే, ఇంట్లో వాళ్ళకి కాదు కదా. సగం జీతంతో ఇల్లెలా నడపాలి అన్న ప్రశ్న మొగుడు బయలుదేరక ముందే పెళ్ళాం ముందుకొచ్చి కూర్చుంటుంది. భార్యలకంటూ ప్రభుత్వం నెలనెలా డబ్బు పంపే చట్టం అప్పటికి లేదు. అది 1942 జూన్ లో వచ్చింది. నెలకి 50 డాలర్లు, అందులో 22 సిపాయి జీతంలోంచే కోసి, 28 ప్రభుత్వం కలిపి పంపేది. ఒక బిడ్డ ఉంటే ఇంకో 12. అది రావడానికి పదహారు నెలల ముందే బెడ్‌ఫర్డ్ వాళ్ళు బయలుదేరారు.

అలా అని ప్రభుత్వం ఏమీ ఆలోచించలేదని కాదు. 1940లోనే రెండు మూడు మంచి పనులు చేసింది. సేవ పూర్తిచేసి వచ్చినవాడు 40 రోజుల్లోగా అడిగితే పాత ఉద్యోగం తిరిగి ఇవ్వాలన్నారు. నెలకి 80 డాలర్ల లోపు అద్దె ఇంట్లో ఉంటున్న సిపాయి భార్యాబిడ్డల్ని కోర్టు అనుమతి లేకుండా ఖాళీ చేయించకూడదన్నారు. వాయిదాల మీద కొన్న సామాను ఇంటిమీదికొచ్చి పట్టుకుపోకుండా కూడా అడ్డుపెట్టారు. ఇంకోటి, జీవిత బీమా. పదివేల డాలర్ల దాకా తీసుకోవచ్చు, నెలనెలా జీతంలోంచి కట్టించుకుంటారు. ఆ ఫారంలో ఒక గడి ఉంటుంది. డబ్బు ఎవరికి చెందాలి అని. ఇరవయ్యేళ్ళ కుర్రాడు, పెళ్ళి కానివాడు, అక్కడ అమ్మ పేరు రాస్తాడు. కొత్తగా పెళ్ళయినవాడు అమ్మ పేరు రాయాలా, భార్య పేరు రాయాలా అని కలం పట్టుకుని ఆగుతాడు. ఎవరికీ చెప్పుకోలేని సంకటం అది.

ఆ సంవత్సరం చివర్లోనే, మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ళల మీద సిపాయి పేరు కింద అతనికి బాగా దగ్గర మనిషి పేరూ చిరునామా కూడా చెక్కడం మొదలుపెట్టారు. 1943 దాకా అలా చెక్కారు. తాళిబొట్టు మనకి. వాళ్ళ మగవాళ్ళు భార్య పేరో అమ్మ పేరో మెడలో వేసుకుని తిరిగారన్నమాట.

ఆ ఫిబ్రవరిలోనే 'ఎ' కంపెనీ ఊరు వదిలింది. వెళ్ళింది దూరం కూడా కాదు, పక్క రాష్ట్రం మేరీలాండ్ లో ఫోర్ట్ మీడ్ అనే శిబిరానికి. సెలవు దొరికినప్పుడు ఇంటికి వచ్చిపోగలిగినంత దూరమే. అంచేత వీడ్కోలు కూడా పూర్తి వీడ్కోలు కాలేదు. ఒక్క ఏడాదే కదా!

ఆ ఏడాది పూర్తి కాకముందే మాట మారిపోయింది. 1941 ఆగస్టు 12న అమెరికా ప్రతినిధుల సభలో ఓటింగు జరిగింది. పిలిచిన వాళ్ళని ఇంకో పద్ధెనిమిది నెలలు ఉంచాలా వద్దా అని. ఉంచాలని 203 ఓట్లు, వద్దని 202. ఒకే ఒక్క ఓటు. లక్షల ఇళ్ళలో క్యాలెండర్ల మీద గీసుకున్న గీతలన్నీ ఆ ఒక్క ఓటుతో చెరిగిపోయాయి. శిబిరాల్లో పిల్లలకి కోపమొచ్చి, గోడల మీద సుద్దతో 'ఓహైయో' అని రాసేవారట. ఆ రాష్ట్రం పేరు కాదు, 'అక్టోబరులో పారిపోదాం' అన్న ఇంగ్లీషు మాటలకి పొడి అక్షరాలు. ఎంతమంది పారిపోయారు? రాసినంత మంది కాదు. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు వేసింది. ఇక ఏడాది మాటా లేదు, పద్ధెనిమిది నెలల మాటా లేదు.

సముద్రం దాటకూడదన్న నియమం కూడా అలాగే పోయింది. 1942 సెప్టెంబరు 27న వాళ్ళు న్యూయార్క్ లో క్వీన్ మేరీ ఓడ ఎక్కారు. అది విలాసాల కోసం కట్టిన ఓడ, సైనికుల్ని కుక్కి పంపడానికి వాడారు. అక్టోబరు 2న ఐర్లండ్ దగ్గర, తమకి కాపలాగా వచ్చిన బ్రిటిష్ యుద్ధనౌక కురకోవానే ఆ ఓడ గుద్ది రెండు ముక్కలు చేసింది. అందులో మూడు వందల మందికి పైగా పోయారు. జలాంతర్గాముల భయంతో క్వీన్ మేరీ ఆగలేదు, ఆగకూడదని ఆజ్ఞ. పై అంతస్తులోంచి అది చూసిన పిల్లలు ఇంటికి రాసే ఉత్తరాల్లో ఆ సంగతి రాయడానికి వీల్లేదు. సెన్సారు ఉండేది. అమ్మలకి 'క్షేమం' అని మాత్రం అందేది.

ఆ తర్వాత ఇంగ్లండ్ లో 20 నెలలు. డెవన్ లో ఐవీబ్రిడ్జ్ అనే చోట వానలో, బురదలో తర్ఫీదు. ఎర్ల్ పార్కర్ అనే అతనికి ఊళ్ళో కూతురు పుట్టింది. ఫొటోలో చూసుకున్నాడు. అంతే. ఎత్తుకోలేదు.

1944 జూన్ 6 పొద్దున ఒమాహా అని పేరు పెట్టిన తీరంలో మొదటి వరసలో దిగింది 'ఎ' కంపెనీయే. ఏం జరిగిందో నేను వర్ణించను. కొద్ది నిమిషాల్లోనే కంపెనీ కంపెనీగా మిగల్లేదు. బెడ్‌ఫర్డ్ పిల్లలు 20 మంది ఆ రోజు పోయారు. వాళ్ళ కెప్టెన్ టేలర్ ఫెల్లర్స్ ఉన్నాడు. హోబాక్ అన్నదమ్ములు ఇద్దరూ ఉన్నారు. ఎర్ల్ పార్కర్ ఉన్నాడు. రే స్టీవెన్స్ ఉన్నాడు.

ఆ కవలల సంగతే నన్ను నిద్రపోనివ్వలేదు. పడవలు వేరు వేరు కావడంతో, ఎక్కేముందు రే తన అన్నదమ్ముడికి చెయ్యి చాచాడు. రాయ్ ఆ చెయ్యి అందుకోలేదు. ఒడ్డు దాటాక వియెర్‌విల్ ఊరి నాలుగు రోడ్ల కూడలిలో కలుసుకుందాం, అప్పుడు కలుపుతానన్నాడు. తను వెనక్కి రానని రే కి అనిపిస్తోందని రాయ్ కి తెలుసు. ఆ మాటని ఒప్పుకోవడం ఇష్టంలేక చెయ్యి ఇవ్వలేదు. రాయ్ ఎక్కిన పడవ ఒడ్డుకి చేరకముందే మునిగింది. నీళ్ళలోంచి తీసి ఇంగ్లండ్ కి వెనక్కి పంపారు. కొద్ది రోజులకి మళ్ళీ తీరానికి వచ్చి, అక్కడ కొత్తగా తవ్విన సమాధుల మధ్య వెతుక్కుంటే, ఒక శిలువకి వేలాడుతున్న బిళ్ళ మీద తమ్ముడి పేరు కనిపించింది. ఆ తర్వాత ఎంతో ముసలివాడయ్యేదాకా బతికాడు రాయ్. ఎవరడిగినా ఆ చెయ్యి గురించే చెప్పేవాడు.

మా వదిన చూడనన్న కాగితాలూ, రాయ్ ఇవ్వనన్న చెయ్యీ ఒకటే అనిపించింది నాకు. ప్రేమ లేక కాదు. ప్రేమ ఎక్కువై. చూస్తే నిజమవుతుందేమోనన్న భయం.

ఊళ్ళో వాళ్ళకి మాత్రం ఇంకా ఏమీ తెలియదు. డీ-డే జరిగిందని రేడియోలో విన్నారు. తమ పిల్లలు అందులో ఉన్నారేమో అనుకున్నారు. జూన్ వెళ్ళింది. రాసిన ఉత్తరాలకి జవాబుల్లేవు. జులై 17, సోమవారం. మెయిన్ స్ట్రీట్ లో గ్రీన్స్ అనే మందుల దుకాణం ఉండేది. వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ యంత్రం అందులోనే. దాన్ని చూసుకునే అమ్మాయి ఎలిజబెత్ టీస్, ఇరవై ఒక్క ఏళ్ళది. పొద్దున యంత్రం తెరవగానే ఒక సంతాపం వచ్చింది. అది చింపేలోపే ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. అన్నీ తనకి తెలిసిన పేర్లే. ఆగుతుందేమో అనుకుంటే ఆగలేదు. అందరికీ ఒక్కతే చేర్చలేక, దుకాణంలో ఉన్న వాళ్ళనీ, డాక్టర్నీ, షెరీఫ్ నీ, టాక్సీ నడిపే ఆయన్నీ బతిమాలి తలో కాగితం ఇచ్చి పంపింది. ఆ రోజు వీధిలో ఎవరి గుమ్మం ముందు కారు ఆగుతుందోనని కిటికీల్లోంచి చూస్తూ నిలబడ్డ ఆడవాళ్ళని తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

హోబాక్ వాళ్ళింటికి రెండు టెలిగ్రాంలు వచ్చాయి. ఒకదాంట్లో పెద్దవాడు చనిపోయాడని. ఇంకోదాంట్లో రెండోవాడు కనిపించడం లేదని. రేమండ్ దేహం ఎప్పటికీ దొరకలేదు. కానీ అతని బైబిలు దొరికింది. తీరాన ఇసుకలో వెస్ట్ వర్జీనియా సిపాయి ఒకతను చూసి, తీసి, లోపల ఉన్న చిరునామాకి పోస్టులో పంపాడు. 1938 క్రిస్మస్ కి అమ్మ ఇచ్చిందని మొదటి పేజీలో రాసి ఉంది. ఆ తల్లి మిగిలిన ఆయుష్షంతా దాన్ని దగ్గర పెట్టుకుంది. యుద్ధం అయిపోయాక, దేహాల్ని ఇంటికి తెప్పించుకుంటారా అని ప్రభుత్వం అడిగినప్పుడు, పెద్దవాణ్ణి నార్మండీలోనే ఉంచమన్నారట. తమ్ముడు అక్కడే ఎక్కడో ఉన్నాడు కదా, అన్నదమ్ముల్ని విడదీయకూడదని.

ఇలాంటి ఊళ్ళు మనకి లేవా అంటే ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి మగవాళ్ళు వెళ్ళారు, ఇప్పటికీ ఇంటికొకరు చొప్పున సైన్యంలో ఉంటారని చెబుతారు. వెళ్ళినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద ఉంటాయి. బయలుదేరే ముందు రోజుల్లో వాళ్ళిళ్ళలో ఏ డబ్బా నింపారో, ఏ మాట మింగేశారో అది ఏ రాయి మీదా ఉండదు. అందుకే ఇలాంటివి మనం రాసుకోవాలనిపిస్తుంది.

ఇండియా వచ్చాక ఒకరోజు వదినకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాకు తెలియని సంగతి చెప్పింది. ఆ రోజు అన్నయ్యని రైలెక్కించి వచ్చాక, రాత్రి అందరూ పడుకున్నాక, బీరువా తీసి ఆ కాగితాలన్నీ ఒక్కొక్కటీ చదివిందట. ఒక కాగితం వెనక అన్నయ్య పెన్సిలుతో తెలుగులో రాసి పెట్టాడట, ఏ నెల ఏ తేదీలోగా ఏది కట్టాలి, ఎవరినడగాలి అని. "నేను చూడనంటానని ఆయనకి ముందే తెలుసమ్మా. అక్కడే కూర్చుని వినుంటే ఇంకో అరగంట ఆయన గొంతు విన్నదాన్ని కదా అని ఆ రెండు నెలలూ ఏడ్చాను" అంది.

మా ఆయన సైన్యంలో లేరు. రోజూ స్కూటర్ మీద ఆఫీసుకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తారు. అయినా పోయిన ఆదివారం భోజనాలయ్యాక, "బ్యాంకు కాగితాలూ పాలసీలూ ఎక్కడున్నాయో ఒకసారి చూపించండి" అని అడిగాను. "ఏమిటివాళ నా మీద పడ్డావు" అని నవ్వారు. కానీ తీసి చూపించారు. మధ్యలో నాకు గుండెల్లో ఒకసారి కలుక్కుమంది. అయినా లేచి వంటింట్లోకి వెళ్ళలేదు. చివరి కాగితం దాకా పక్కనే కూర్చున్నాను.